టేపు పట్టుకుని రండి సారూ!

పురపాలికలు ప్రాథమిక చదువు మీద పెట్టే రూపాయికి ఫలితమెంతో కొలవాలంటారు ఆర్థికవేత్తలు. ఆ టేపేదో వనపర్తి జిల్లా కొత్తకోటకు తెండి. 2018లో ఊరు మున్సిపాలిటీ అయింది. బోర్డు మారింది, పన్ను నోటీసు మారింది; బళ్ల మీద మాత్రం మండల పరిషత్తు, జిల్లా పరిషత్తు పేర్లే. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు పంచాయతీల వంతుకు బడిని పేరుపెట్టి మరీ రాసింది. పన్నెండో షెడ్యూలు పట్టణాలకొచ్చేసరికి విద్యను సంస్కృతి, సౌందర్యాల మధ్య ఇరికించి, 'ప్రోత్సహించండి' అని ఊరుకుంది. ఖర్చే చేయని చోట వృథా ఎక్కడిది? నూటికి నూరు మార్కులు!

పక్కనే వనపర్తిలో 2022 మార్చి 8న రూ.7,289 కోట్ల అంచనాతో రాష్ట్రంలోని సర్కారు బళ్లను బాగుచేసే 'మన ఊరు–మన బడి' మొదలైంది. 2024కల్లా రిపేర్ల పని 'అమ్మ ఆదర్శ పాఠశాల' కమిటీలకొచ్చింది. పథకాల పేర్లు మారినంత జోరుగా పెచ్చులూడిన స్లాబులు మారితేనా!

అసలు పొదుపు వంటగదిలో ఉంది. ప్రాథమిక బడి పిల్లకు మధ్యాహ్న భోజనం వంట ఖర్చు 2025 మే నుంచి రూ.6.78. బియ్యం వేరే ఇస్తారనుకోండి. పప్పు, కూరగాయలు, నూనె, పోపు, పొయ్యి కింద మంట అన్నీ అందులోనే. ఆ డెబ్బై ఎనిమిది పైసలు ఏ దినుసు తాలూకో కనుక్కున్న వారికి డాక్టరేటు ఇవ్వచ్చు. పరీక్షాధికారిగా మాత్రం వంటక్కనే వేయాలి.