తూర్పు తీరంలో సూర్యాస్తమయం

విశాఖపట్నం తూర్పు తీరంలో ఉందని నాకు మూడో తరగతి నుంచీ తెలుసు. సూర్యుడు పడమట అస్తమిస్తాడని అంతకు ముందే తెలుసు. ఈ రెండూ తెలిసుండీ, మెడలో కెమెరా, భుజాన ట్రైపాడ్ వేసుకుని, తెన్నేటి పార్కు కింది రాళ్ళ మీద, సూర్యుడు సముద్రంలోకి ఎప్పుడు దిగుతాడా అని సాయంత్రం నాలుగింటి నుంచీ కాపు కాసిన ఘనుణ్ణి నేను.

ఐదు దాటాక రాళ్ళ మీద ఎండ పోయింది. మబ్బు పట్టిందేమోనని చూస్తే ఆకాశం శుభ్రంగా ఉంది. వెనక్కి తిరిగాను. సూర్యుడు కైలాసగిరి మీదుగా అవతలికి జారుకుంటున్నాడు. కొండ నీడ మా మీదుగా సాగి అలల దాకా వెళ్ళిపోయింది.

పక్కన మా బావమరిది. పుట్టి పెరిగిందంతా ఎంవీపీ కాలనీలోనే, ఆ సముద్రం పక్కనే. "ఇంతసేపూ ఎందుకు చెప్పలేదురా?" అంటే, "మీరు ఇంకేదో టెక్నిక్ కోసం చూస్తన్నారనుకున్నాను బావగారూ, పెద్ద కెమెరా కదా" అన్నాడు. అక్క మొగుణ్ణి తప్పు పట్టకూడదన్న మర్యాద కొద్దీ గంటన్నర పాటు నా పక్కన నిలబడి దోమలు కొట్టుకున్నాడు పాపం.

ఇంత తెలివి నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, ఫోన్‌లో చూసిన ఫోటోల నుంచి. మా ఊళ్ళో చెరువే తప్ప సముద్రం లేదు. ఉద్యోగం హైదరాబాదులో. రాతి తీరం అనగానే నా బుర్రలో కదిలేవన్నీ కాలిఫోర్నియావో, పోర్చుగల్‌వో, మన దేశంలోనైతే గోకర్ణవో. అన్నీ పడమటి తీరాలే. అన్నింట్లోనూ ఒకటే వంట: ముందు నల్లటి రాయి, వెనక ఎర్రటి పొద్దు, నడుమ అల అనేదే లేని తెల్లటి నీరు. ఆ నీటి కోసమే పది స్టాపుల ఎన్‌డీ ఫిల్టర్ కొన్నాను. నల్లటి గాజుబిళ్ళ అది. లెన్సుకు తగిలిస్తే వెలుతురు వెయ్యోవంతుకు, సరిగ్గా చెప్పాలంటే 1,024వ వంతుకు పడిపోతుంది. సెకనులో ముప్ఫయ్యో వంతులో వచ్చే బొమ్మకు ముప్ఫై నాలుగు సెకన్లు తెరిచి ఉంచాలి. ఆలోగా అలలన్నీ ఒకదాని మీద ఒకటి పడి అలికేసినట్టు అయిపోతాయి. దీన్ని సిల్క్ ఎఫెక్ట్ అంటారని వీడియోల్లో నేర్చుకున్నాను. ఫిల్టర్ ధర మా ఆవిడకు చెప్పలేదు.

సాయంత్రం పోతే పోయింది, తెల్లవారుజాము మన చేతిలోనే ఉంది కదా అనుకున్నాను. సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు, ఈసారి భూగోళం నా పక్షం. రుషికొండ దాటాక, తొట్లకొండకు ఎదురుగా, మంగమారిపేట ఒడ్డున సహజ శిలాతోరణం ఉంది. కెరటాలు తొలిచి తొలిచి రాతిలో కమాను తెరిచాయి. అందులోంచి పొద్దు పొడిచేటట్టు తీయాలని నా పథకం.

రాత్రంతా కెమెరా బ్యాగు ఏసీ గదిలో ఉంది. ఒడ్డుకొచ్చి మూత తీయగానే లెన్సు చెమ్మగిల్లింది. తుడిచాను. మళ్ళీ పట్టింది. చల్లబడిన గాజుకు సముద్రం గాలి తగిలితే అంతే, అది వెచ్చబడేదాకా చేసేదేమీ లేదు. ఇది ఏ స్టూడియో కుర్రాణ్ణి అడిగినా చెబుతాడు. బయల్దేరే ముందే బ్యాగు బాల్కనీలో పెట్టుంటే పోయేది. నేను చొక్కా అంచుతో రుద్దుతూనే ఉన్నాను. తూర్పున రంగులు వచ్చాయి, మారాయి, పోయాయి. లెన్సు తేరుకునేసరికి సూర్యుడు కళ్ళు పొడిచేలా వెలుగుతున్నాడు, వాడికి అడ్డంగా ఉన్న రాళ్ళన్నీ బొగ్గు ముద్దలైపోయాయి. తూర్పు తీరంలో ఉదయం పూట సముద్రం వైపు కెమెరా పెడితే రాయి మనకు చూపించేది దాని నీడ ముఖమే. వెలుతురు పడే ముఖం సముద్రం వైపు ఉంటుంది. ఆ గరుకు, ఆ గీతలు, ఆ గుంతలు, నేను ఏ మొండి రాళ్ళ కోసం హైదరాబాదు నుంచి వచ్చానో ఆ మొండితనమంతా అవతలి పక్క.

అక్కడితో ఆగినా మర్యాద దక్కేది.

అది మాఘ పౌర్ణమి. వచ్చే దారిలోనే సముద్ర స్నానాలకు జనం ఆటోలు దిగుతున్నారు, పసుపు కుంకుమలు పట్టుకుని ఆడవాళ్ళు ఒడ్డుకు నడుస్తున్నారు. పడమట దిగుతున్న నిండు చంద్రుణ్ణి నేనూ చూశాను, వాడికీ ఒక ఫోటో తీశాను. పౌర్ణమికీ అమావాస్యకూ పోటు ఎక్కువని బళ్ళో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వేయించుకున్నాను. విశాఖలో ఆ రోజుల్లో నీరు దాదాపు ఒకటిన్నర మీటరు ఎత్తు ఎక్కి దిగుతుంది. ఈ లెక్కలన్నీ ముందే కట్టి పోటు ఏ వేళకు, ఎంత ఎత్తుకు అని రోజూ చెప్పే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ ఎక్కడుంది? హైదరాబాదు ప్రగతినగర్‌లో. అంటే నేను ఉద్యోగం చేసే ఊళ్ళోనే! సముద్రం ముఖం చూడకుండా వాళ్ళు చెప్పగలిగిన సంగతి, సముద్రం ఒడ్డున నిలబడి నేను తెలుసుకోలేకపోయాను.

వల విప్పుకుంటున్న పెద్దాయన ఒకాయన నన్ను చూసి, "బాబూ, పౌర్ణం పోటు. ఇప్పుడెక్కడికెల్తారు? నీల్లింకా పైకొస్తాయి" అన్నాడు.

"ఐదు నిమిషాలు బాబాయ్" అన్నాను.

ఐదు నిమిషాల్లో నా ఫిల్టరుతో ఒక్క ఫోటోకు మించి కాదు. రెండు నిమిషాలు తెరిచి ఉంచితే, చుక్కలు చుక్కలుగా పడ్డ మచ్చలు తుడుచుకోడానికి కెమెరా ఇంకో రెండు నిమిషాలు తీసుకుంటుంది. ఆ సెట్టింగు ఆపేయవచ్చని ఇంటికొచ్చాక తెలిసింది. మొదటిది తీశాను, వంకర. రెండోదానికి ట్రైపాడ్ కాలు తడి ఇసుకలోకి దిగి రాయి రెండు రాళ్ళైంది. ఇసుకలో కాదు, రాతి మీదే పెట్టాలనుకుని మోకాటి లోతు నీళ్ళలోంచి నడిచి ఒక బండ ఎక్కాను. బండ మీద పచ్చటి నాచు. చూడ్డానికి ఎంత బాగుందంటే దాన్ని కూడా ఫ్రేములో పెట్టాను. దాని మీద కాలు పెట్టానన్న ఆలోచన రాలేదు.

మూడో ఫోటో నడుస్తుండగా బండ చుట్టూ మోకాటి లోతు ఉండాల్సిన నీళ్ళు నడుము లోతుకు వచ్చాయి. అప్పుడు కూడా నేను చూస్తున్నది, షట్టర్ మూసుకుని మచ్చలు తుడుచుకుంటున్న కెమెరా తెర మీద తగ్గుతున్న సెకన్లనే. నలభై, ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది. ఒక కెరటం వచ్చి బండను పూర్తిగా కప్పింది. కాలు జారింది, ట్రైపాడ్ వాలింది, దాన్ని పట్టుకోబోయి అరచేత్తో రాతిని పట్టుకున్నాను. రాతి నిండా బార్నకిల్స్ అనే గుల్లలు, గోరు కన్నా చిన్నవి, అంచులు బ్లేడు పదును. చెయ్యి రెండు చోట్ల తెగింది. బావమరిది ప్యాంటుతో సహా దూకాడు. పెద్దాయన తాడు విసిరాడు. ఒడ్డుకు లాగాక ఆయన నాతో మాట్లాడలేదు, బావమరిదితో అన్నాడు: "సెప్తే ఇనరు."

ఆ సముద్రానికి మనిషి బరువు ఓ లెక్కా? 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు ఎంవీ మా అనే బంగ్లాదేశ్ సరుకు ఓడ లంగరు తప్పి కొట్టుకొచ్చి, నేను సూర్యాస్తమయం కోసం కాపు కాసిన ఆ తెన్నేటి పార్కు రాళ్ళ మీదే ఎక్కింది. 80 మీటర్ల పొడవు ఓడ! రెండు కాళ్ళ ట్రైపాడ్ గాణ్ణి నన్ను లాగడానికి దానికి వాయుగుండం కూడా అక్కర్లేదు. (మూడో కాలు అప్పటికే విరిగింది.)

చేతికి తువ్వాలు చుట్టుకుని, కెమెరాలో నీళ్ళు పోవాలని బ్యాటరీ తీసేసి, చేసే పనేమీ లేక ఒడ్డున ఎండలో ఒక బండ పక్కన కూర్చున్నాను. మొహానికి జానెడు దూరంలో రాయి. ఇది ఖోండలైట్, తూర్పు కనుమల రాయి. కోణార్క గుడి కట్టింది ఈ జాతి రాతితోనే. సుమారు వంద కోట్ల ఏళ్ళ కిందట నేల లోతుల్లో ఉడికి, నలిగి రూపు మారింది. పక్క నుంచి పడుతున్న ఎండలో పొరలు పొరలుగా కనిపిస్తోంది, ఒక పొర తుప్పు రంగు, ఒకటి బూడిద, నడుమ వంకీలు. పొరల్లో ఆవగింజంత నుంచి బఠాణీ అంత దాకా ఊదా ఎరుపు గింజలు, గార్నెట్లు. అవి రాలి ఇసుకలో కలిసిన చోట అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఎర్రటి చార తేలుతోంది. పగులులో వరసగా చిన్న నత్తలు, నీడ ఎటు ఉంటే అటు సర్దుకుని ఉన్నాయి. గుంటలో నిలిచిన చారెడు నీళ్ళలో ఒక పీత నన్ను చూసి పక్కకు నడిచి, నేను కదలకపోయేసరికి మళ్ళీ వచ్చి నాచు గీకి తినడం మొదలెట్టింది. చేతిలో కెమెరా ఉండుంటే వీటిలో ఒక్కటీ చూసేవాణ్ణి కాదు. అంతకు ముందు వాటిని తొక్కుకుంటూనే కదా లోపలికి వెళ్ళింది.

ఇలా రాతిని దగ్గరగా చూడడమే పనిగా ఎడ్వర్డ్ వెస్టన్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ 1929 నుంచి 1948 దాకా కాలిఫోర్నియాలో పాయింట్ లోబోస్ అనే ఒక్క చిన్న ముక్క తీరాన్ని తీశాడు. రాళ్ళు, సముద్రపు నాచు, నీటి గుంటలు, మోడైన చెట్లు. దాదాపు అన్నీ నలుపూ తెలుపే. పడమటి తీరంలో ఉండి కూడా అక్కడ ఆయనకు పేరు తెచ్చింది పొద్దు గుంకే బొమ్మలు కాదు, రాతికి దగ్గరగా వెళ్ళి తీసిన బొమ్మలు. ఆ ఫోటోల పుస్తకం నా దగ్గర చాలా కాలంగా ఉంది. ఫిల్టర్ కొన్నప్పుడు దాని పెట్టె ఆ పుస్తకం మీదే పెట్టాను.

ఇంటికొచ్చాక బతికిన కార్డులోంచి ఫోటోలు కంప్యూటర్లో వేశాను. మూడో ఫోటో, నేను రక్తం ధారపోసి తీసింది, నిజానికి వీడియోల్లో చెప్పినట్టే వచ్చింది. నల్లటి కమాను, చుట్టూ తెల్లటి నీరు. మా ఆవిడ వెనక నిలబడి చూసి, "రాళ్ళ మధ్య గంజి వార్చారేంటి?" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. వాదించబోయి ఆగాను. ఆ రాతికి ఆ కమాను తొలిచింది కెరటం. నన్ను పడగొట్టింది కెరటం. కష్టపడి, డబ్బు పోసి, చెయ్యి కోసుకుని నేను ఫోటోలోంచి తుడిచేసింది కూడా ఆ కెరటాన్నే. ఆ నీళ్ళు మంగమారిపేట సముద్రమో, ఏదో చెరువో చెప్పే గుర్తు ఒక్కటి మిగల్లేదు.

సిల్క్ ఎఫెక్టును నేను తిట్టడం లేదు, దాన్ని బాగా చేసేవాళ్ళున్నారు. రంగు పొగలు వదిలి, పాతిక గజాల గౌను గాలికి ఎగరేసి ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసేవాళ్ళను కూడా ఇదివరకు ఎగతాళి చేసేవాణ్ణి, మానేశాను. వాళ్ళు కనీసం ఒడ్డు మీద నిలబడి తీసుకుంటున్నారు.

మంగమారిపేట వెళ్ళేవాళ్ళకు నాలుగు ముక్కలు. ముందు రోజే ఇన్‌కాయిస్ సైటులో పోటు వేళలు చూసుకోండి, రూపాయి ఖర్చు లేదు. నీరు తీసినప్పుడు తోరణం దాకా నడిచే వెళ్ళొచ్చు. ఉదయం పూట సూర్యుడికి ఎదురుగా కాకుండా ఒడ్డు పొడవునా, భీమిలి వైపో డాల్ఫిన్ నోస్ వైపో తిరిగి తీయండి, రాతి గరుకంతా పక్క ఎండలో కనిపిస్తుంది. సముద్రానికి మాత్రం వీపు పెట్టకండి. నీటి గుంటల్లోని ప్రాణుల మీద ఆసక్తి ఉంటే, వైజాగులో ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వాళ్ళు నీరు తీసిన వేళల్లో జనాన్ని రాళ్ళ మధ్యకు తీసుకెళ్ళి చూపిస్తుంటారు, వాళ్ళతో వెళ్ళండి.

ఇంకా ఎవరికైనా సిల్క్ ఎఫెక్ట్ మోజు తీరకపోతే, 77 ఎంఎం పది స్టాపుల ఫిల్టర్ నా దగ్గర ఉంది. అంచున ఒక చిన్న గీత తప్ప బాగానే ఉంది. సగం ధరకు ఇస్తాను, బేరానికి ఇంటికే రావచ్చు. మా ఆవిడ ముందు అసలు ధర ఎత్తకండి.