మిలియన్ యూనిట్ల పైలోకం

నాగ్ అశ్విన్ సినిమా ‘కల్కి 2898 ఏడీ’లో కింద కాశీ ఎండిపోయి ఉంటుంది.
నీళ్లు, పచ్చదనం పైన తేలే కాంప్లెక్స్‌లో ఉంటాయి.
లోపలికి వెళ్లాలంటే అక్కడి డబ్బులో మిలియన్ యూనిట్లు కట్టాలి!
గూండాలను ఎగరేసి తన్నే హీరో భైరవ కూడా వాటి కోసమే తిప్పలు పడతాడు. పాపం, ఇంటద్దె కూడా బాకీ. మహాబలం ఉంటే మాత్రం ఇంటి ఓనరు ఊరుకుంటాడా?

ఎండిన నేల చూపించడానికి కోట్ల రూపాయల గ్రాఫిక్స్ వాడారు. రాయలసీమలోని గాండ్లపెంటలో వాన ముఖం చాటేసిన ఏడు, చెనక్కాయ చేలల్లో అదే దృశ్యం ఉచితం.

పేదల్ని పైకి రానివ్వని లోకం మీద తీసిన ఈ సినిమాకు 2024 జూన్‌లో తెలుగు ప్రభుత్వాలు రెండూ టికెట్ ధర పెంచుకోనిచ్చాయి.
ఆ ఏడాది ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు.