గడువు తప్పని దైవానికి

కాసుల పురుషోత్తమ కవి శ్రీకాకుళంలో వెలసిన ఆంధ్రవిష్ణువును శతకం పొడుగునా నిందాస్తుతితోనే కొలిచాడు. ఆ చనువు నమ్మినవాళ్లకే ఉంటుంది. గుడి గడప తొక్కనివాడు దేవుణ్ణి నిలదీయడు. ఇంగ్లండులో స్థానిక కౌన్సిళ్లు నడిపే పిల్లల సేవల మీద కన్నేసి ఉంచే పర్యవేక్షణ మీద నాకూ అలాంటి నమ్మకమే ఉంది. నాలుగు గోడల మధ్య, ఎవరూ చూడని చోట పిల్లలకు ఏమేం జరగగలదో తెలిసినవాళ్లెవరూ తనిఖీ వద్దనరు, లెక్కలు వద్దనరు. అందుకే పర్యవేక్షణా, నిన్ను దైవంలా ఎదురుగా నిలబెట్టుకుని స్తుతిస్తున్నాను. నీకు చెల్లని పొగడ్త ఒక్కటీ ఇందులో పెట్టను.

మనవాళ్లకు నువ్వు కొత్తేం కాదు. హౌన్స్‌లో వైపో, స్లౌ వైపో, రెడింగ్ వైపో ఇల్లు వెతుక్కునే తెలుగు కుటుంబం అద్దె కంటే ముందు అడిగేది దగ్గర్లో ఉన్న బడి గురించి తనిఖీ సంస్థ ఆఫ్‌స్టెడ్ ఏమందని. అదే ఆఫ్‌స్టెడ్ 2007 ఏప్రిల్ నుంచి కౌన్సిళ్ల పిల్లల సేవలను కూడా తనిఖీ చేస్తోందన్న సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఇంట్లో దెబ్బలు తింటున్న పిల్లలు, ఆలనాపాలనా లేని పిల్లలు, తల్లిదండ్రుల దగ్గర ఉంచలేక ఫాస్టర్ ఇళ్లకో హోములకో పంపిన పిల్లలు, పద్దెనిమిదేళ్లు నిండి ఆ హోముల నుంచి ఒంటరిగా బయటికొచ్చేవాళ్లు, వీళ్లందరి మంచిచెడ్డలూ కౌన్సిల్ చూడాలి. కౌన్సిల్ సరిగ్గా చూస్తోందా లేదా అన్నది నువ్వు చూడాలి. చూసి నాలుగు మాటల కొలతలో తీర్పు చెబుతావు: అవుట్‌స్టాండింగ్, గుడ్, రిక్వైర్స్ ఇంప్రూవ్‌మెంట్, ఇనాడిక్వేట్. చెప్పింది దాచవు. ఎవరైనా తెరిచి చదువుకునేలా నివేదిక బయటపెడతావు. ఇది చిన్న గుణం కాదు. ఏ అధికారీ తన తప్పును తానుగా అచ్చువేయించుకోడు.

నీ గుణాలన్నిటిలోకీ పెద్దది గడువు. దాన్ని స్తుతించాలంటే 2000 ఫిబ్రవరి 25 దగ్గర మొదలుపెట్టాలి. ఆ రోజు లండన్‌లో విక్టోరియా క్లింబియే అనే ఎనిమిదేళ్ల పాప చనిపోయింది. ఐవరీ కోస్టులో పుట్టిన పిల్ల. మంచి చదువు చెప్పిస్తానని కన్నవాళ్ల దగ్గర్నుంచి తీసుకొచ్చిన బంధువూ, ఆమెతో ఉన్న మనిషీ కలిసి హింసించి చంపారు. పాప ఒంటిమీద 128 గాయాలు లెక్కపెట్టారు. నాలుగు కౌన్సిళ్ల సోషల్ సర్వీసెస్ వాళ్లు, రెండు ఆసుపత్రులు, రెండు పోలీసు బృందాలు ఆమె గురించి విన్నవాళ్లే. హారింగే కౌన్సిల్లో ఆమె కేసు నెలల తరబడి నడిచింది. కేసు చూసిన సోషల్ వర్కర్ పాపను కలిసింది నాలుగు సార్లు. ఆ నాలుగూ కలిపినా అరగంట కాలేదు. ఆమె చనిపోయిన రోజునే హారింగే ఆమె ఫైలు మూసింది. పెండింగు పనుల లెక్కలో ఆ సాయంత్రానికి ఒక ఫైలు తగ్గింది. నీ కొలతలో అది పూర్తయిన పని.

2003 జనవరిలో లార్డ్ లామింగ్ విచారణ నివేదిక వచ్చింది. 108 సిఫార్సులు. కింద పనిచేసే సోషల్ వర్కర్ల కంటే పైన కూర్చున్నవాళ్లే ఎక్కువ జవాబు చెప్పాలని ఆయన గట్టిగా చెప్పాడు. 2004 పిల్లల చట్టం ప్రతి కౌన్సిల్లోనూ పిల్లల సేవలకు ఒక డైరెక్టరు ఉండాలంది. తప్పు జరిగితే ఎవరిని అడగాలో తెలిసింది. అది నీకు దక్కిన మంచి ఆయుధం. ఆ దశాబ్దంలోనే నీ గడువులు బిగుసుకున్నాయి. ఒక పిల్ల గురించి సమాచారం అందాక ప్రాథమిక అంచనా ఏడు పనిదినాల్లో ముగియాలి. లోతైన అంచనా 35 పనిదినాల్లో. పిల్ల ప్రమాదంలో ఉందనుకుంటే 15 పనిదినాల్లో సమావేశం జరగాలి. ఇవన్నీ కంప్యూటర్లో నమోదు కావాలి. గడి నింపందే తర్వాతి గడి తెరుచుకోదు. గడువు దాటితే తెర మీద ఎర్రరంగు కనబడుతుంది.

గడువు లేకపోతే ఏమవుతుందో నాకు తెలుసు, ఫైళ్ల కింద పిల్లలు అణగిపోతారు. కాబట్టి ఆ ఏడు రోజులను నేను ఎత్తిపొడవను. సోషల్ వర్కర్లను పరుగెత్తించావు, పరుగెత్తారు. పరుగెత్తి కంప్యూటర్ ముందు కూర్చున్నారు. పనివేళల్లో సగానికి మించి తెర ముందే గడిచిపోతోందని వాళ్లు మొరపెట్టుకున్నారు. మోకాళ్ల మీద కూర్చుని, బొమ్మలు ముందేసుకుని, భయపడ్డ పిల్లతో మాట కలపడానికి ఎన్ని గంటలు పడుతుందో చెప్పే గడి మాత్రం ఆ తెరమీద లేదు. కాబట్టి ఆ గంటలు తగ్గినా నీ తెర ఎర్రబడలేదు.

2007 ఆగస్టు 3న, అదే హారింగేలో, పీటర్ అనే పదిహేడు నెలల పసివాడు చనిపోయాడు. చాలాకాలం పత్రికలు అతణ్ణి బేబీ పీ అని రాశాయి. ఒంట్లో యాభైకి పైగా గాయాలు. ఎనిమిది నెలల్లో సోషల్ వర్కర్లు, వైద్యులు, పోలీసులు కలిసి సుమారు అరవై సార్లు చూసిన బిడ్డ. విక్టోరియాను అరగంట కూడా చూడలేదు కదా, పీటర్‌ను అరవై సార్లు చూశారు. లెక్క ఎంత మెరుగైందో! చనిపోవడానికి నాలుగు రోజుల ముందు సోషల్ వర్కర్ ఇంటికెళ్లింది. బిడ్డ ముఖాన చాక్లెట్ పూసి ఉంది. దాని కింద కమిలిన దెబ్బలున్నాయి. తుడిచాక ఆ ముఖం ఎలా ఉందో ఆమె చూడలేదు. అయినా వెళ్లి చూసినట్టే నమోదైంది. ఆ నమోదు అబద్ధం కాదు. వెళ్లింది, చూసింది.

ఆ ఏడాది చివర్లో హారింగే పిల్లల సేవలకు నువ్వు 'గుడ్' అని రాశావు. ఆ వార్షిక అంచనాకు నువ్వు ఎక్కువగా ఆధారపడింది కౌన్సిల్ తానుగా పంపిన అంకెల మీద. పంపినవి పంపినట్టు లెక్కగట్టి, కూడికలో తప్పు రానివ్వలేదు. 2008 నవంబరులో పీటర్ మరణానికి కారకులైనవాళ్ల నేరం ఋజువై, దేశం భగ్గుమన్నాక, మంత్రి ఎడ్ బాల్స్ ఆదేశంతో తనిఖీ బృందాలు మళ్లీ వెళ్లాయి. ఈసారి ఫైళ్లు విప్పి చదివారు, పనిచేసేవాళ్లతో మాట్లాడారు. డిసెంబరు 1కల్లా 'ఇనాడిక్వేట్' అని తేల్చారు. ఏడాదిలో ఊరు మారలేదు, వీధులు మారలేదు. నువ్వు చూసిన చోటు మారింది. చూడాలనుకున్నప్పుడు నీకు ఎంత బాగా కనిపిస్తుందో అప్పుడు ఋజువైంది. నిన్ను నమ్మడానికి నాకు ఆ కొద్ది రోజులే ఆధారం. నా కోపానికీ అవే ఆధారం.

నీ మాట బరువు కూడా చెప్పుకోవాలి. 'ఇనాడిక్వేట్' అన్నావంటే డైరెక్టరు కుర్చీ కదులుతుంది. హారింగే డైరెక్టరును పదవి నుంచి తప్పించారు. ఆ తప్పించిన తీరు చట్టవిరుద్ధమని 2011లో అప్పీలు కోర్టు చెప్పింది. ఆ మాట పడ్డ కౌన్సిల్లో అనుభవమున్న సోషల్ వర్కర్లు వేరే ఊరు చూసుకుంటారు. కొత్తవాళ్లు రారు. ఖాళీలు ఏజెన్సీ నుంచి వచ్చినవాళ్లతో నిండుతాయి, వాళ్లు కొన్ని నెలలుండి వెళ్లిపోతారు. మిగిలినవాళ్ల మీద కేసులు పేరుకుంటాయి. అమ్మ కొట్టిందన్న మాటను పిల్ల ఒకసారి ఒకరికి చెబుతుంది, రెండోసారి ఇంకొకరికి చెబుతుంది. మూడో మనిషి వచ్చేసరికి చెప్పడం మానేస్తుంది. నీ ఒక్క మాటకు ఇంత బలముంది. ఆ బలం కుర్చీలో ఉన్నవాళ్ల మీద పడినంత తేలిగ్గా పిల్ల పక్షాన నిలబడలేదు.

2008లో స్థానిక ప్రభుత్వాల పనితీరును కొలవడానికి 198 జాతీయ సూచికలు పెట్టారు. వాటిలో పిల్లల రక్షణకు సంబంధించిన రెండింటిని విడిగా తలచుకోవాలి. ప్రమాదంలో ఉన్న పిల్లల కోసం వేసే రక్షణ ప్రణాళికలో ఒక పిల్ల రెండేళ్లకు మించి ఉంటే అది కౌన్సిల్‌కు మంచి గుర్తు కాదు. ప్రణాళిక నుంచి బయటికొచ్చిన పిల్ల రెండోసారి తిరిగొస్తే అదీ మంచి గుర్తు కాదు. రెండింటికీ కారణం న్యాయమైనదే. ఏళ్ల తరబడి పిల్లను ప్రమాదంలో నానబెట్టకూడదు, తొందరపడి వదిలేయనూ కూడదు. కానీ ఇరవై రెండో నెలలో ఉన్న పిల్ల సంగతి ఆలోచించు. ఇంట్లో తాగుడు తగ్గలేదు, దెబ్బలు తగ్గలేదు. ఉంచితే ఒక అంకె పెరుగుతుంది. వదిలేశాక మళ్లీ తీసుకోవాల్సివస్తే ఇంకో అంకె పెరుగుతుంది. రెండు అంకెలూ పెరగకుండా ఉండాలంటే ఆ పిల్ల బాగుపడాలి, లేదా ఎవరికీ కనబడకుండా పోవాలి. ఈ రెండింటికీ నీ పట్టికలో తేడా లేదు.

రోథరమ్ సంగతి చెప్పకుండా ఈ స్తుతి ముగియదు. 1997 నుంచి 2013 దాకా ఆ ఊళ్లో తక్కువలో తక్కువ 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని 2014 ఆగస్టులో అలెక్సిస్ జే నివేదిక అంచనా వేసింది. ఆ పిల్లల్లో చాలామంది కౌన్సిల్‌కు తెలిసినవాళ్లే. కొందరు తామే నోరు విప్పి చెప్పారు. పదకొండేళ్ల పిల్లల గురించి కూడా, వాళ్లకు వాళ్లే ఎంచుకున్న బతుకన్నట్టు మాట్లాడిన పెద్దలున్నారు. 2012లో నువ్వు ఆ ఊరి పిల్లల రక్షణకు అప్పట్లో ఉన్న 'పర్వాలేదు' అన్న గ్రేడు ఇచ్చావు. రెండేళ్లు తిరిగాక, జే నివేదిక వచ్చిన వెంటనే వెళ్లి 'ఇనాడిక్వేట్' అన్నావు. మొదటిసారీ నీ చేతిలో కాగితాలున్నాయి. ఆ పిల్లలు చెప్పింది కాగితాల మీదికి ఎక్కలేదు, ఎక్కినవి సొరుగుల్లో ఉండిపోయాయి. ఆ సొరుగుల్లో ఉన్నది నీకు కనబడలేదు.

నీకు బుద్ధి చెప్పినవాళ్లు లేకపోలేదు. 2011లో ప్రొఫెసర్ ఐలీన్ మన్రో 15 సిఫార్సులతో నివేదిక ఇచ్చింది. పద్ధతి ప్రకారం చేశామా అన్న ప్రశ్న, పిల్లకు మేలు జరిగిందా అన్న ప్రశ్నను మింగేసిందని ఆమె తేల్చింది. నాడి చూడాల్సిన వైద్యుడు చీటీ మీద తేదీ చూసి వెళ్లిపోయినట్టు తయారైంది పని. ఆమె మాట విని రెండు అంచనాలనూ కలిపి, 2013లో 45 పనిదినాల ఒకే గడువు పెట్టారు. తనిఖీ తీరు కూడా క్రమంగా మారింది. ఇప్పుడు నీ ఇన్‌స్పెక్టర్లు పిల్లల ఫైళ్లు చదువుతారు, సోషల్ వర్కర్ పక్కన కూర్చుని ఆ పిల్ల గురించి చెప్పమంటారు. అది నిజమైన మెరుగుదల. కొలవడం పిల్లలకు శత్రువు కాదని లీడ్స్ చూపించింది. పదేళ్లు తిరక్కుండానే 'ఇనాడిక్వేట్' నుంచి 'అవుట్‌స్టాండింగ్'కు వెళ్లిన ఊరు అది. బారెడు పట్టికలు పక్కన పెట్టి మూడు విషయాలే గట్టిగా పట్టుకున్నారు: ఇళ్లలోనే భద్రంగా ఉండగలిగే పిల్లలు కౌన్సిల్ సంరక్షణలోకి రాకుండా చూడటం, పిల్లలు బడికి రావడం, చదువూ పనీ లేని యువత తగ్గడం. కుటుంబంలోని తాతల్నీ, పిన్నుల్నీ, మేనమామల్నీ ఒకచోట కూర్చోబెట్టి, ఈ పిల్లను ఎవరు చూసుకుంటారని అడిగారు. అడగాల్సిన ప్రశ్న కౌన్సిల్ తనను తాను అడిగితే, అంకె దానంతటదే మారింది.

అయినా 2023లో వోకింగ్‌లో సారా షరీఫ్ అనే పదేళ్ల పిల్ల ఉండేది. పుట్టినప్పటి నుంచీ కౌన్సిల్‌కు తెలిసిన కుటుంబం. మార్చిలో ఆమె ముఖం మీద దెబ్బలు చూసి బడివాళ్లు సమాచారమిచ్చారు. వారం తిరక్కముందే విచారించి కేసు మూసేశారు. మూయడంలో జాప్యం లేదు. ఏప్రిల్‌లో తండ్రి ఇంటి దగ్గరే చదివిస్తానని బడి మాన్పించాడు. దెబ్బలు చూడగలిగే టీచర్ల కళ్లు ఆ పిల్లకు దూరమయ్యాయి. ఆగస్టు 8న సారాను చంపేశారు. తండ్రికీ సవతి తల్లికీ 2024 డిసెంబరులో యావజ్జీవ శిక్ష పడింది. మార్చిలో కేసు మూసేశాక సోషల్ వర్కర్ల తెర మీద ఆ పిల్ల పేరిట ఎర్రబడేదేమీ మిగల్లేదు. మూసిన ఫైలుకు గడువుండదు.

పర్యవేక్షణా, నీకు దొరకని ఆధారం లేదు. అడిగితే కౌన్సిల్ ఏ తలుపైనా తెరవాలి, ఏ ఫైలైనా ఇవ్వాలి. పిల్లల పేరిట నీకున్న అధికారం చిన్నది కాదు. ఈసారి ఏ కౌన్సిల్‌కు వెళ్లినా నడుస్తున్న కేసుల జాబితాతో పాటు, గత ఆరునెలల్లో ఇక చేయాల్సిందేమీ లేదని మూసేసినవాటి జాబితా కూడా అడుగు. దానిలో పది పేర్లు నువ్వే ఎంచు, కౌన్సిల్‌ను ఎంచనివ్వకు. ఆ పిల్లలు ఇప్పుడు ఏ బడికి వెళ్తున్నారో కనుక్కో. బడికి వెళ్లని పిల్లలుంటే సోషల్ వర్కర్‌ను వెంటబెట్టుకుని ఆ ఇంటికే వెళ్లు. పిల్లను పేరు పెట్టి పిలిపించి, పక్క గదిలో, పెద్దవాళ్లు లేకుండా మాట్లాడించు. ముఖాన ఏమైనా పూసి ఉంటే తుడిపించు. గ్రేడు ఆ తర్వాత రాయి.