రింగు ఆరేదాకా

నేను చెంపపిన్నుని. సన్నటి ఉక్కు తీగను మధ్యకు వంచి, నల్లరంగు పట్టించి, కొసలకు చెరో బొట్టు అంటిస్తే తయారైనదాన్ని. నాకు ఒక కాలు తిన్నగా ఉంటుంది, రెండోది మెలికలు తిరిగి ఉంటుంది. మెలికలున్నది అందం కోసమనుకుని చాలామంది దాన్ని పైకి కనపడేట్టు పెట్టుకుంటారు. అది మాడు వైపు ఉండాలి. వెంట్రుకను జారనివ్వకుండా పట్టేది ఆ మెలికలే. పుట్టిన దగ్గర్నుంచి అరిగిపోయేదాకా తిరగేసిన బతుకే బతికిన పిన్నులు లెక్కలేనన్ని ఉంటాయి. నేను పని తెలిసిన చేతిలో పడ్డాను.

ఆ చెయ్యి చిరాగ్‌పల్లి అక్కది. పార్లర్‌కు వచ్చే ఆడపిల్లలందరికీ ఆమె అక్కే కాబట్టి నాకూ అక్కే. బేగంబజార్‌లో అట్టకు గుచ్చి ఉన్న మా గుంపును బేరమాడి, సంచిలో వేసుకుని, జహీరాబాద్ బస్సెక్కింది. అప్పటికి ఇంకా అది ఆంధ్రప్రదేశ్, మెదక్ జిల్లా. హైదరాబాద్ నుంచి సోలాపూర్ మీదుగా పుణె పోయే రోడ్డు మీద, జహీరాబాద్ దాటాక, రాష్ట్రం అయిపోయే చోట ఉంటుంది మా ఊరు. ఆ రోడ్డు కాగితాల మీద 65వ నంబరు అయ్యాక కూడా పెద్దవాళ్లు తొమ్మిదో నంబరనే అనేవాళ్లు. ఆవలి గట్టు బీదర్ జిల్లా. మాట తెలుగులో ఎత్తుకుని, ఉర్దూలో నడిపి, కన్నడంలో దించినా ఇక్కడ ఎవరూ తల తిప్పి చూడరు.

చిరాగ్‌పల్లి పేరు బయట తెలిసింది చెక్‌పోస్టు వల్ల. సోలాపూర్ వైపు నుంచి వచ్చే లారీలన్నీ కాగితాలు చూపించి ముద్ర వేయించుకోవాలి గనక రోడ్డు పొడుగునా వరస కట్టేవి. ఆ వరసను నమ్ముకుని టీ కొట్లు, పంచర్ షాపులు, దాబాలు లేచాయి. అక్క మామది టీ కొట్టే. నడిచే బండికి టీ అమ్మలేం, ఆగిన బండికి అమ్మకుండా ఉండలేం అనేవాడు. ఆపి నిలబెట్టడమే నా పని కూడా. జుట్టులో నేనొక చెక్‌పోస్టుని. అందుకేనేమో ఆ ఊళ్లో నాకు పరాయితనం అనిపించలేదు.

అక్క ఇంటి ముందుగదే పార్లర్. ఒక అద్దం, ఒక తిరిగే కుర్చీ, గోడకు సినిమా తారల బొమ్మలు. కనుబొమలు, ఫేషియల్, మెహందీ రోజువారీ పనులు. పెళ్లిళ్ల కాలంలో మాత్రం మా డబ్బా మూత తీసేది. సాయంత్రం కరెంటు ఎప్పుడు పోతుందో ఎప్పుడొస్తుందో తెలియని రోజులవి. ప్లగ్గుకు పెట్టి వేడి చేసే రాడ్డు ఆమె దగ్గర ఉంది, కానీ సగం తలకు రింగులు తిప్పాక కరెంటు పోతే పెళ్లికూతురు ఏమైపోవాలి? అందుకని అక్క పాత పద్ధతి పట్టుకుంది. ముందు రోజు రాత్రి తడి జుట్టును చుట్టి, పిన్నులతో బిగించి, పొద్దున విప్పడం. దానికి కావలసినవి నీళ్లు, వేళ్లు, తోక దువ్వెన, మేము. ఇంకొకటి, అవిసెల జిగురు.

జహీరాబాద్ చుట్టుపక్కల యాసంగి చేలల్లో శనగ, కుసుమ, తెల్లజొన్నలతో పాటు అవిసెలు కూడా వేస్తారు. పస్తాపూర్ డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్లు విత్తనాలు పోగొట్టుకోకుండా కుండల్లో, బుట్టల్లో దాచుకునే పంటల్లో అదీ ఉంది. అక్క రెండు చెంచాల గింజలను గ్లాసుడు నీళ్లలో వేసి పొయ్యి మీద తిప్పుతూ ఉండేది. నీళ్లు చిక్కబడి గరిటె నుంచి తీగ సాగగానే దించి, వేడి మీదనే పలచటి గుడ్డలో పిండాలి. చల్లారనిస్తే జిగురు గింజను వదలదు, గుడ్డను దాటదు. ఈ పని మొదటిసారి చూసినప్పుడు వాళ్ల అత్తమ్మ ఊరుకోలేదు.

"అవిసెలు ఏంచి పొడి గొట్టుకొని అన్నంల తింటరు గని, నెత్తికి పూసుడేంది బిడ్డా?"

"జర ఆగు అత్తమ్మా, రేపు పొద్దుగాల సూడు."

"సూడనీకి ఏమున్నది? సీమలు పడ్తయ్."

చీమలు పట్టలేదు. మర్నాడు అత్తమ్మ ఆ పిల్ల తల చుట్టూ ఒకటికి రెండుసార్లు తిరిగి, ఏమీ అనకుండా లోపలికి పోయింది. ఆ ఇంట్లో అది పెద్ద మెప్పు.

రింగు చుట్టడం ఎలా ఉంటుందో దగ్గర నుంచి చెబుతాను. నా అంత దగ్గరగా చూసినవాళ్లు లేరు. జుట్టు నీళ్లు కారేంత తడిగా ఉండకూడదు, చేత్తో పట్టుకుంటే చల్లగా ఉండాలి, అంతే. అక్క తోక దువ్వెన మొనతో అంగుళం చదరం పాయ తీస్తుంది. మొదలు నుంచి కొస దాకా చిక్కు లేకుండా దువ్వి, జిగురు రాసి, కొసను చూపుడువేలి మీద పెట్టి లోపలికి చుడుతుంది. కొస ఎప్పుడూ నడిమధ్యలో ఉండాలి. బయటికి తప్పిందా, మర్నాడు అది కొక్కెం తిరిగి చివర్లో పొడుచుకొస్తుంది, ఎంత నూనె రాసినా వంగదు. చుట్టుకుంటూ మాడు దాకా వచ్చాక వేలు లాగేసి, ఆ చుట్టను బల్లపరుపుగా దాని మొదలు మీదే కూచోబెడుతుంది. అప్పుడు నన్ను, నా జతదాన్ని ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా దోపుతుంది. చుట్ట మొదలుకు ఎంత దగ్గరగా కూచుంటే రింగు అంత గట్టిగా వస్తుంది. మొదట్లో కాస్త పాయ చుట్టకుండా వదిలి దూరంగా పెడితే వదులుగా ఊగుతుంది. ఒక వరస కుడివైపుకు, దాని కింది వరస ఎడమవైపుకు చుట్టిందంటే, పొద్దున విప్పి దువ్వినప్పుడు రింగులు కాకుండా అలలు లేస్తాయి. ఈ రహస్యం పెళ్లికూతుళ్లకు చెప్పేది కాదు. చెబితే ఇంట్లోనే చేసుకుంటారని భయం.

ఇంతకీ రాత్రంతా మేం లోపల చేసేదేమిటి? ఏమీ చేయం. చేసేదంతా నీళ్లదే. వెంట్రుక కెరటిన్ అనే ప్రొటీన్. దాని పోగులను పక్కపక్కన పట్టి ఉంచే వాటిలో హైడ్రోజన్ బంధాలు బలం తక్కువవి. తడి తగలగానే విడిపోతాయి, ఆరగానే మళ్లీ ముడిపడతాయి. ఆరేటప్పటికి వెంట్రుక ఏ ఒంపులో ఉంటే ఆ ఒంపునే పట్టుకుంటాయి. ఆ ఒంపు చెడకుండా కాపలా ఉండటమే నా ఉద్యోగం. ఒక్క పాయ లోపల తడి మిగిలినా, విప్పిన అరగంటకు సాగిపోయి కిందికి వేలాడుతుంది. మా జహీరాబాద్ వైపు నేల సముద్రానికి రెండు వేల అడుగుల ఎత్తున ఉంటుంది, మాఘం నుంచి వైశాఖం దాకా గాలి పొడి. పెళ్లిళ్లు కూడా అప్పుడే ఎక్కువ. వానాకాలంలో నిశ్చితార్థం పెట్టుకున్న వాళ్లకు అక్క ముందే చెప్పేది, ఊరేగింపు వేళకు రింగులు ఉంటయని నేను మాటియ్యనని. గాల్లో తడి కూడా తడే, ఆ బంధాలకు తేడా తెలియదు.

జుట్టును శాశ్వతంగా వంచాలంటే మందులతో గంధకపు బంధాలను తెంచి మళ్లీ కలపాలి. అది వేరే శాఖ, నాకు సంబంధం లేదు. మనుషులు మాత్రం రింగుల కోసం చాలా అవస్థలు పడ్డారు. 1872 ప్రాంతంలో పారిస్‌లో మార్సెల్ గ్రటో అనే ఆయన మంట మీద కాల్చిన పటకారుతో జుట్టుకు అలలు తెచ్చి పేరు పొందాడు. 20వ శతాబ్దం మొదట్లో కార్ల్ నెస్లర్ లండన్‌లో వేడి రాడ్లు వేలాడే యంత్రం పెట్టాడు. తొలి ప్రయోగాల్లో ఆయన భార్య జుట్టే కాలిందంటారు. ఇన్ని మంటల తర్వాత 1920లలో అమెరికా, ఐరోపాల్లో ఆడవాళ్లు జుట్టు కురచగా కత్తిరించుకోవడం మొదలుపెట్టాక మా పిన్నులకు మంచిరోజులొచ్చాయి. 1930లు, 40లలో రాత్రి తల నిండా పిన్నులు పెట్టుకుని, రుమాలు కట్టుకుని పడుకున్న దేశాలున్నాయి. రెండో ప్రపంచ యుద్ధంలో ఉక్కు యుద్ధానికి మళ్లడంతో అమెరికాలో పిన్నులకే కరువొచ్చింది. మన దగ్గర మా వాడకం వేరు. సినిమాల్లో వాణిశ్రీ కొప్పు చూసి తెలుగు దేశమంతా కొప్పులు పెంచిన రోజుల్లో, ఆ కట్టడాల లోపల ఎంతమంది పిన్నులు ఊపిరి బిగబట్టి నిలబడ్డారో మా వాళ్లను అడగాలి.

నా కొస బొట్టు పోయింది అక్క పళ్ల వల్ల. ఒక చేత్తో చుట్ట పట్టుకుంటే రెండో చేత్తో పిన్ను తెరుచుకోదు, అందుకని పళ్ల మధ్య పెట్టి విడదీసేది. నేర్పేచోట వద్దంటారు, చేసేచోట అందరూ అదే చేస్తారు. అలా ఒకరోజు నా బొట్టు ఊడింది, ఆమె ముందుపన్ను అంచు కూడా కాస్త లేచింది. బొట్టు లేని కాలు మాడును గీరుతుందని అప్పటి నుంచి నన్ను పైవరసల్లోనే, మాడుకు తగలని చోటే వాడింది. పారేయలేదు. మరీ ఎక్కువ విప్పితే నా ఉక్కు పట్టు పోతుంది. ఆ తప్పు ఆమె ఎప్పుడూ చేయలేదు గనక ఇన్నేళ్లయినా నాలో బిగువు ఉంది.

మధ్యలో ఒకసారి ఇల్లు విడిచి పోయాను. ఓ పెళ్లికూతురి రింగులు వాకిట్లో వేపచెట్టు కింద విప్పుతుంటే జారి మట్టిలో పడ్డాను. రెండో రోజు లారీ క్లీనర్ పిల్లవాడు ఏరుకుని చెవిలో పెట్టుకోబోతే డ్రైవర్ లాక్కుని వేబిల్లు, ఇన్‌వాయిస్, పర్మిట్ కలిపి నాతో బిగించాడు. చెక్‌పోస్టు కౌంటర్ దాకా వెళ్లాను. అవతల కూచున్నతను నన్ను లాగి బల్ల మీద పడేసి, ముద్ర కొట్టి, కాగితాలకు గుండుసూది గుచ్చి ఇచ్చాడు. నాకు గుండుసూది అంటే గిట్టదు. పట్టుకోవడం చేతకాక పొడుస్తుంది. సాయంత్రం టీ గ్లాసుల కోసం వచ్చిన అక్క మామ నన్ను చూసి, "మా కోడలుకు అక్కరకొస్తది," అని జేబులో వేసుకున్నాడు. ఇంటికొచ్చాక ఇది మా పిన్నే అని ఎవరూ గుర్తుపట్టలేదు. పిన్ను పిన్నే గదా అని డబ్బాలో వేశారు. ఒకే ఒక్క బొట్టు చూసి కూడా గుర్తుపట్టకపోవడం నాకు కొంచెం కష్టమనిపించింది.

2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. వాణిజ్య పన్నుల తనిఖీ కోసం బండి ఆగాల్సిన పని పోయింది. రవాణా శాఖ వాళ్లు ఆ తర్వాతా ఉన్నారు గానీ పాత వరస మళ్లీ రాలేదు. ఆగని లారీ టీ తాగదు. మామ కొట్టు మూసి, కొడుకుతో కలిసి చెరుకు చేను చూసుకోవడానికి పోయాడు. తర్వాత ఆరు నెలలకు, 2018 జనవరి 1 నుంచి, తెలంగాణలో బావి మోటార్లకు కూడా 24 గంటల కరెంటు ఇచ్చారు. చేనుకు సంతోషమే. నా పనికి మాత్రం అదే గండి. అక్క మూలన పడేసిన రాడ్డును తీసి, ఇంకా మంచిది ఒకటి కొనుక్కొచ్చింది. 150 నుంచి 200 డిగ్రీల వేడి, ఒక్కో పాయకు పది సెకన్లు. రాత్రంతా తల మీద ముళ్లతో పడుకోవడానికి ఏ పెళ్లికూతురు ఒప్పుకుంటుంది? పైగా ఫోటోగ్రాఫర్ తొందర. పెళ్లి ఒక చోట, ముందస్తు షూటింగ్ ఇంకో చోట, రెండు గంటల్లో రెండు రకాల జుట్టు. అక్కను తప్పుపట్టను. జుట్టు కాలే వాసన అద్దం దాకా వచ్చిన రోజు మాత్రం డబ్బాలో మేమంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

అలాగని పూర్తిగా విశ్రాంతి దొరకలేదు. పాపిడిబిళ్ల ఉంది కదా. దాని కొక్కెం నున్నటి జుట్టులో నిలవదు, పెళ్లికూతురు తల వంచిందంటే ముక్కు మీదికి జారుతుంది. ముస్లిం పెళ్లికూతుళ్లు ఒకపక్కకు పెట్టుకునే ఝూమర్ ఇంకా బరువు. దుపట్టా సంగతి చెప్పనే అక్కర్లేదు. అందుకని నగ కూచోవలసిన చోట జుట్టు లోపల పాయ తీసి, చిన్న రింగు చుట్టి, ఇద్దరం పిన్నులం అడ్డంగా పడుకుంటాం. నగ కొక్కెం మా మీద తగులుకుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. ఆ రింగును ఎవరూ విప్పి చూసుకోరు, అది అందానికి కాదు, మోతకు. అక్క ఈ పని తండాల పెళ్లిళ్లలో బాగా నేర్చింది. లంబాడీ నగలు చెంపల పక్కగా వేలాడతాయి. పాతకాలం వెండివైతే జుట్టును లాగేస్తాయి. వాళ్ల ముసలమ్మలు జడపాయతోనే కట్టేవాళ్లు. అది చూసే అక్కకు తోచింది, లోపల రింగు పెడితే బరువు ఒక్క వెంట్రుక మీద పడదని.

పని అయిపోయాక పిన్నులు లెక్కపెట్టి తీసుకోవడం అక్క అలవాటు. పెళ్లింటి నుంచి చెల్లెలో మేనకోడలో డబ్బా తెచ్చి ఇవ్వాలి. మొన్న చైత్రంలో హుమ్నాబాద్ సంబంధం. పెళ్లి జహీరాబాద్ ఫంక్షన్ హాల్లో. మర్నాడు ఒక చిన్నపిల్ల డబ్బా తెచ్చింది.

"ముప్పై ఇచ్చిన. ఇరవై తొమ్మిదే ఉన్నయేంది?"

"ఏమో అక్కా, అన్నీ తీసినం. దువ్విన్రు కూడా."

"పాపిడిబిళ్ల కాడిది తీసిన్రా?"

పిల్ల తెల్లమొహం వేసింది.

అప్పటికి నేను చిరాగ్‌పల్లి దాటి హుమ్నాబాద్ చేరాను. పెళ్లికూతురి తలలో, నల్ల జుట్టులో నల్లగా. సరిహద్దు దగ్గర కారు ఆగనైనా ఆగలేదు. రెండో రోజు తలస్నానం చేసేటప్పుడు ఆ పిల్ల వేళ్లకు తగిలాను. కిటికీ గూట్లో పెట్టింది. అత్తగారు నన్ను తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, కన్నడంలో ఏదో గొణుక్కుంటూ చక్కెర పొట్లం మూతికి బిగించింది. మెలికల కాలు లోపలివైపుకే పెట్టింది, ఎవరు చెప్పారో మరి. ఇక్కడ చీమలు నిజంగానే ఉన్నాయి.