పనొకరిది, ట్యాబొకరిది

ప్రతి ఆఫీసులోనూ ఒక ట్యాబ్ సార్ ఉంటారు. హోదా రీజనల్ మేనేజర్ కావచ్చు, డీజీఎం కావచ్చు, ‘హెడ్’ అన్న మాటతో మొదలయ్యే మరేదైనా కావచ్చు. ఒక్కోచోట సార్ బదులు మేడమ్ ఉంటారు. లక్షణాలు మాత్రం మారవు. రివ్యూ మీటింగుకి మిగతావాళ్లు లాప్‌టాప్ బ్యాగులు మోసుకొచ్చి, ఛార్జరు పెట్టుకోవడానికి ప్లగ్గు ఎక్కడుందా అని బల్ల కిందకి వంగి వెతుక్కుంటుంటే, ఆయన సన్నటి ట్యాబ్ ఒక్కటి చేతపట్టుకుని తీరుబడిగా వస్తారు. కవరు మడిచి దాన్ని నిలబెడతారు. జేబులోంచి తెల్ల పెన్సిల్ తీసి పక్కన పెడతారు. సికింద్రాబాద్ నుంచి విశాఖ వెళ్లే వందే భారత్‌లో అయితే కాజీపేట రాకముందే ముందు సీటు వెనకున్న బల్ల దించి, పక్కవాళ్లకి కూడా కనిపించే కోణంలో ఎక్సెల్ షీటు తెరుస్తారు. “లాప్‌టాప్ ముట్టుకుని ఏళ్లయిందండీ, అంతా దీనిమీదే” అంటారు, ఎవరూ అడక్కపోయినా. ఆ మాట అబద్ధం కాదు. ఆయన పని నిజంగానే దానిమీద జరిగిపోతుంది. ఎలా జరిగిపోతోందని ఆరా తీస్తే తేలేదేమిటంటే, ఆ పనిలో చూడటమూ వేలు పెట్టడమూ ఆయన వంతు. తక్కినదంతా అకౌంట్స్ సెక్షన్ వంతు. ట్యాబ్ మీద ఆఫీసు పనంతా చేసుకోగలగడం ఆ పరికరం గొప్పా కాదు, ఆయన నేర్పూ కాదు. అది ఆయన కుర్చీకి ఉన్న సౌకర్యం.

ముందు ఎక్సెల్ సంగతి చూద్దాం. ఒక్క షీటులో 10,48,576 అడ్డు వరుసలు, 16,384 నిలువు వరుసలు పడతాయి. మామూలుగా తెరిస్తే అడ్డు వరుస ఎత్తు 15 పాయింట్లు, కాగితం లెక్కలో అయిదు మిల్లీమీటర్ల పైచిలుకు. వేలితో నొక్కాల్సిన దేనికైనా తెరమీద కనీసం 44 పాయింట్ల చోటివ్వమని ఆపిల్ తన యాప్‌లు తయారుచేసేవాళ్లకి చెబుతుంది. ఆ పాయింటు కొలత వేరు. మామూలు ఐప్యాడ్ మీద 44 పాయింట్లంటే ఎనిమిది మిల్లీమీటర్లు దాటుతుంది. అయిదు మిల్లీమీటర్ల గడిలోకి ఎనిమిది మిల్లీమీటర్లు అడిగే వేలు దిగితే ఏమవుతుందో ఊహించడానికి ఇంజినీరు కానక్కర్లేదు. డి14 నొక్కితే డి15 తెరుచుకుంటుంది. పెద్దది చేసుకుంటే గడి దొరుకుతుంది గాని పైనున్న శీర్షికలు తెర దాటిపోతాయి. ఆ అంకె కర్నూలు అమ్మకాలదో కరీంనగర్ బకాయిలదో ఇక తెలియదు. చిన్నది చేసుకుంటే శీర్షికలు వస్తాయి, అంకెలు చీమలైపోతాయి. ట్యాబ్ సార్ ఈ చిక్కులో పడరు. స్క్రీన్‌షాట్ తీస్తారు. దానిమీద పెన్సిల్‌తో ఎర్ర సున్నా చుట్టి, పక్కనో ప్రశ్నార్థకం పెట్టి, ‘చిన్న కరెక్షన్’ అని రాసి వాట్సాప్‌లో పంపిస్తారు. బొమ్మగా మారిన ఆ అంకెలు ఇక కూడవు, పోవు. అందుకున్న అమ్మాయి ఒక తెరమీద బొమ్మనీ, ఇంకో తెరమీద అసలు షీటునీ పెట్టుకుని, ఆ సున్నా ఏ గడిని ఉద్దేశించిందో పోల్చుకుని, ఫార్ములా సరిచేసి, దాన్నిబట్టి మారాల్సిన షీట్లన్నీ మార్చి, రాత్రి ఎనిమిదింటికి తిరిగి పంపుతుంది. ఆయన వేలితో పైకీ కిందికీ తోసి చూసి ‘ఫైన్’ అంటారు. మర్నాడు మీటింగులో, “నిన్న రాత్రిదాకా ఆ షీటుతో కుస్తీ పట్టాను” అని చెప్పుకుంటారు.

మెయిళ్ల దగ్గరికొచ్చేసరికి ఈ పంపకం ఇంకా తేటగా కనిపిస్తుంది. గాజు మీద టైపు చేయడం ఎవరికైనా విసుగే. వేళ్లకి కీ అంచు తగలదు, ఆటోకరెక్ట్‌కి మన ఊళ్ల పేర్లూ మనుషుల పేర్లూ ఒక పట్టాన ఎక్కవు. అందుచేత ట్యాబ్ సార్ జవాబులు నాలుగు మాటలు దాటవు. ‘నోటెడ్’, ‘సీ బిలో’, ‘ప్లీజ్ డూ ది నీడ్‌ఫుల్’, ‘డిస్కస్’. వీటిలో ‘డిస్కస్’ మహా శక్తిమంతమైనది. అందుకున్నవాడు తానేం తప్పు చేశాడా అని ఆ పూటంతా పని మానేసి ఆలోచిస్తాడు. అడుగున, ఇది ఐప్యాడ్ నుంచి పంపిన మెయిల్ అని చెప్పే వాక్యం ఒకటి ఆపిల్ వాళ్లే చేర్చి ఇస్తారు. సెట్టింగుల్లోకి వెళ్లి తీసేయడం క్షణాల పని. ఆయన తీయరు. ఎందుకంటే ఆ ఒక్క వాక్యం మూడు పనులు చేసిపెడుతుంది: చేతిలో ఉన్నదేమిటో చెబుతుంది, మనిషి తీరిక లేకుండా తిరుగుతున్నాడని సూచిస్తుంది, రాతలో తప్పులుంటే ముందే మాఫీ చేయిస్తుంది. అవే తప్పులు జూనియర్ రాస్తే అప్రైజల్ ఫారం ఎక్కుతాయి. మూడు కొటేషన్లు పోల్చి, ఏది ఎందుకు తీసుకోవాలో వివరించాల్సిన మెయిల్ వచ్చిందనుకోండి, పైన ఒక్క ప్రశ్నార్థకం పెట్టి కిందికి ఫార్వర్డ్ చేస్తారు. ఆ ప్రశ్నార్థకానికి జవాబు రెండు పేజీలు. రాసేది కింది సీటు, దాన్ని తన పేరుమీద పైకి పంపేది ట్యాబ్ సార్. సొమ్మొకడిది సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

ఇక్కడ ట్యాబ్ సార్ పక్షం నుంచి మొదటి అభ్యంతరం వస్తుంది. వేలితోనే చేయమని ఎవరన్నారు, కీబోర్డూ మౌసూ తగిలించుకోవచ్చు కదా అని. నిజమే. 2020 మార్చిలో వచ్చిన ఐప్యాడ్ ఓఎస్ 13.4తో మౌస్‌కీ ట్రాక్‌ప్యాడ్‌కీ సరైన చోటు దొరికింది. ఆ ఏడాదే మ్యాజిక్ కీబోర్డూ వచ్చింది. అయితే ఒకసారి తూకం వేసి చూడాలి. ఆ ఏటి 12.9 అంగుళాల ఐప్యాడ్ ప్రో 641 గ్రాములు. దానికి తగిలించే మ్యాజిక్ కీబోర్డు సుమారు 700 గ్రాములు. రెండూ కలిపితే 1.34 కిలోలు. అదే ఏడాది వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్ 1.29 కిలోలు. అంటే బరువని చెప్పి లాప్‌టాప్ వదిలేసిన పెద్దమనిషి, లాప్‌టాప్ కంటే బరువైనదాన్ని రెండు ముక్కలుగా కొనుక్కుని మోస్తున్నారన్నమాట. పైగా పెన్సిల్, పెన్‌డ్రైవ్ గుచ్చడానికో బుడిపె, ప్రొజెక్టరుకి కలపడానికి ఇంకో బుడిపె. వీటన్నిటినీ సర్దుకోవడానికి ఒక సంచి కావాలి. ఇంట్లో ఖాళీగా పడున్న లాప్‌టాప్ బ్యాగు అందుకు సరిగ్గా సరిపోతుంది. బరువు మాట అలా ఉంచినా, కీబోర్డూ మౌసూ తగిలించాక పని సాగిందంటే సాగించినవి కీబోర్డూ మౌసూ. ట్యాబ్ తరఫున పిలిచిన సాక్షి బోనెక్కి లాప్‌టాప్ గెలిచిందని చెబుతున్నాడు. ట్యాబ్ సార్‌కి కూడా ఈ సంగతి లోలోపల తెలుసు. కొన్న రెండు వారాలకే ఆ కీబోర్డు సొరుగులోకి పోతుంది. అది తగిలించి ఉంటే దూరాన్నుంచి చూసేవాళ్లకి అచ్చం లాప్‌టాప్‌లాగే కనిపిస్తుంది కదా, ఇక కొన్న ప్రయోజనమేముంది?

రెండో అభ్యంతరం ఇంతకంటే గట్టిది. ట్యాబ్ చూసుకోవడానికే పుట్టిందనడం చరిత్ర తెలియక అనే మాట అంటారు. 2010 జనవరి 27న స్టీవ్ జాబ్స్ మొదటి ఐప్యాడ్‌ని మెత్తటి కుర్చీలో కూర్చుని చూపించిన మాట వాస్తవమే అయినా, అదే వేదిక మీద నంబర్స్ అనే లెక్కల యాప్‌ని కూడా 9.99 డాలర్ల ధరతో చూపించారు. 2014 మార్చి 27న మైక్రోసాఫ్ట్ ఐప్యాడ్‌కి ఎక్సెల్, వర్డ్, పవర్‌పాయింట్ తెచ్చినప్పుడు ఆ కబురు చెప్పిన సభకి పెద్ద సత్య నాదెళ్ల; సీఈఓ అయి అప్పటికి రెండు నెలలైనా నిండలేదు. బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదువుకున్న మనిషి. ఈ ముక్క చెప్పేటప్పుడు ట్యాబ్ సార్ గొంతులో చుట్టరికం కూడా వినిపిస్తుంది. ఆ ఎక్సెల్ బొమ్మ కాదని ఒప్పుకోవాల్సిందే. కూడికలు, ఫిల్టర్లు, చార్టులు, వీ-లుకప్‌లు అన్నీ చేస్తుంది. మాక్రోలు, అంటే షీటులోనే రాసిపెట్టుకునే చిన్న ప్రోగ్రాములు, మాత్రం నడపదు. ఫైలు తెరుచుకుంటుంది, మాక్రో కదలదు. మాక్రోలు ఎవరిక్కావాలి అంటారా? ఆదాయపు పన్ను రిటర్నుల కోసం ఆ శాఖ ఇచ్చే ఎక్సెల్ యుటిలిటీ, జీఎస్టీ వార్షిక రిటర్ను జీఎస్‌టీఆర్-9కి ఇచ్చే ఎక్సెల్ ఆఫ్‌లైన్ టూలు, మాక్రోలు ఎనేబుల్ చేస్తే గాని పనిలోకి దిగవు. అకౌంట్స్ వాళ్లు ఏళ్లతరబడి కట్టుకుంటూ వచ్చిన జీతాల షీటు, స్టాకు షీటు కూడా చాలాచోట్ల అంతే. అంటే ఆఫీసుని నిలబెడుతున్న షీట్లు ట్యాబ్ మీద కనిపిస్తాయి, అక్కడితో ఆగిపోతాయి. మరి ఈ లోటు ట్యాబ్ సార్‌కి ఇన్నేళ్లలో ఎందుకు తెలిసిరాలేదు? మాక్రో నడపాల్సిన అవసరం ఆయనకి ఒక్కనాడూ రాలేదు గనక. తన ట్యాబ్ అన్ని పనులూ చేస్తుందని ఆయన నమ్మకం. అన్ని పనులూ తాను చేయకపోవడమే ఆ నమ్మకానికి పునాది.

మరి విమానాలు నడిపేవాళ్ల మాటేమిటి, మంత్రుల మాటేమిటి అన్నది మూడో అభ్యంతరం. అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు పదహారు కిలోల దాకా తూగే కాగితాల సంచులు వదిలి 2013 నాటికి ఐప్యాడ్‌లకి మారిపోయారు. మన ఆర్థిక మంత్రి, నరసాపురం కోడలు నిర్మలా సీతారామన్ 2019లో తోలు పెట్టె మానేసి ఎర్ర బట్టలో చుట్టిన బహీఖాతాతో వచ్చారు. 2021 ఫిబ్రవరి 1న ఆ ఎర్ర కవరులోంచి కాగితాలు పోయి ట్యాబ్ వచ్చింది. ఇవన్నీ సరైన ఉదాహరణలే, కాకపోతే పైన చెప్పిన మాటకే బలమిస్తాయి. పైలట్ ట్యాబ్ మీద మ్యాపు చూస్తాడు, పట్టీలో టిక్కు పెడతాడు. విమానం నడిపేది వేరే మీటలతో. మంత్రిగారు ట్యాబ్ మీద బడ్జెట్ ప్రసంగం చదివారు. ఆ పద్దులు నెలల తరబడి కూడినవాళ్లు ఆర్థిక శాఖ అప్పుడున్న నార్త్ బ్లాక్‌లో ఉండేవారని దేశమంతటికీ తెలుసు. చదవడానికీ, టిక్కు పెట్టడానికీ, సంతకం చేయడానికీ ట్యాబ్‌ని మించింది లేదు. వార్డుల్లో తిరిగే డాక్టరుకీ, సైటు మీద నిలబడి డ్రాయింగు చూసుకునే ఇంజినీరుకీ అది నిజంగానే వరం. వాళ్లెవరూ తమ పని మొత్తం ట్యాబ్ మీదే అవుతోందని ప్రకటించుకోరు. పనిలో ట్యాబ్ మీద అయ్యే భాగం ఎంతో వాళ్లకి తెలుసు. ట్యాబ్ సార్‌కి తెలియనిదల్లా ఆ ఒక్క సంగతే.

ఇదేమీ కొత్త జబ్బు కాదు. జమీందారీ దివాణంలో చిట్టా రాసి, ఆవర్జాకెక్కించి, కూడి, తేడా పట్టుకునేది గుమాస్తా. దొరగారు దిండుకానుకుని విని, చివర్న వ్రాలు చేసేవారు. అయితే లెక్కలు తానే రాస్తున్నానని ఆ దొరగారు ఎన్నడూ అనుకుని ఉండరు. కంప్యూటరు వచ్చాక ఈ ఏర్పాటు మారేటట్టే కనిపించింది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ కలిసి ఆపిల్ 2 యంత్రానికి విజికాల్క్ తెచ్చినప్పుడు దాని మహిమంతా ఒక్కచోటే ఉంది: ఒక అంకె మారిస్తే దాన్ని ఆధారం చేసుకున్న అంకెలన్నీ వాటంతటవే మారిపోతాయి. ధర రెండు రూపాయలు పెంచితే ఏమవుతుంది అన్న ప్రశ్న పుట్టిన బుర్రకే, ఎవరినీ పిలవకుండా, ఆ క్షణానే జవాబు దొరుకుతుంది. లెక్క గుమాస్తా చేతిలోంచి యజమాని చేతికి వచ్చింది. ప్రశ్న అడిగేవాడూ లెక్క కట్టేవాడూ ఒకడే కావడంలో ఒక మేలుంది. జవాబు ఎందుకలా వచ్చిందో అడిగినవాడికి అర్థమవుతుంది. మూడు దశాబ్దాల తర్వాత ట్యాబ్ ఆ యజమానిని మళ్లీ దిండుకి ఆనించింది. ధర రెండు రూపాయలు పెంచితే ఏమవుతుందని ఆయన మళ్లీ కిందికి మెయిల్ పెడుతున్నారు. జవాబు వస్తోంది, ఎందుకలా వచ్చిందన్నది మాత్రం కిందే ఉండిపోతోంది. దొరగారికీ ఈయనకీ తేడా ఒక్కటే: చేతిలో పరికరం ఉంది గనక, పని తన చేతిలోనే ఉందని ఈయన అనుకుంటున్నారు.

ఇదంతా ట్యాబ్ దొరకనివాళ్ల ఏడుపు అని కొట్టిపారేయవచ్చు. అసూయ కొంత ఉంటే ఉండవచ్చుగాక. కాని ఆయన చేతిలోంచి ట్యాబ్ లాగేసి లాప్‌టాప్ ఇచ్చేద్దామని ఎవరైనా ప్రతిపాదిస్తే, ముందుగా అడ్డుపడేది అకౌంట్స్ సెక్షనే. లాప్‌టాప్ రోజులు వాళ్లకి బాగా గుర్తు. అప్పట్లో ఆయన స్వయంగా షీటులోకి దిగేవారు. ఫార్ములా ఉన్న గడిలో కంటికి నచ్చిన అంకె టైపు చేసేవారు. ఒక్క నిలువు వరుసనే పట్టుకుని సార్ట్ చేసి, ఒకరి జీతం ఇంకొకరి పేరుకి ఎదురుగా నిలబెట్టేవారు. ‘ఫైనల్’, ‘ఫైనల్ 2’, ‘లేటెస్ట్ ఫైనల్’ అని మూడు ఫైళ్లు సేవ్ చేసి, నాలుగోది పైకి పంపేవారు. ట్యాబ్ వచ్చిన నాటినుంచి ఈ బెడద తీరింది. ఆయనకిచ్చే లింకుని వాళ్లు చల్లగా ‘వ్యూ ఓన్లీ’కి మార్చేశారు, ఆయనకి తేడా తెలియనే లేదు. స్క్రీన్‌షాట్ మీద ఎన్ని ఎర్ర సున్నాలు చుట్టినా అసలు షీటుకి గీత పడదు. కాబట్టి ట్యాబ్ ఆయన దగ్గరే ఉండనివ్వాలి, వీలైతే మరింత పెద్ద తెరది కొనివ్వాలి. అడగాల్సింది ఒక్కటే: రాత్రిదాకా కుస్తీ పట్టిన సంగతి మీటింగులో చెప్పేటప్పుడు, పట్టినవాళ్ల పేరు కూడా చెప్పాలి. గాజు మీద ఆ పేరు టైపు చేయడం కష్టమైతే, నోటితో చెప్పినా చాలు.