ఉచిత సలహా స్వీకార విధానం

కావలసిన సామగ్రి: ఒక బకెట్ బంతులు, ఒక సెవెన్ ఐరన్ క్లబ్ (బంతి కొట్టే కర్ర), కాళ్ల కింద పచ్చటి మ్యాట్, ఎదురుగా దూరాలు రాసిన బోర్డులు. సలహాదారుణ్ణి వెంట తెచ్చుకోనక్కర్లేదు, అక్కడే దొరుకుతాడు. గోల్ఫ్ ప్రాక్టీసు చేసే డ్రైవింగ్ రేంజ్ ఏ దేశంలో ఉన్నా, పక్కన బంతులు కొట్టుకుంటున్న పెద్దమనిషి ఒకాయన తన క్లబ్ పక్కన పెట్టి, చేతులు వెనక్కి కట్టుకుని మన వెనక చేరడం మామూలే. ఆయన బారిన పడకుండా ఉండాలంటే ఒకటే దారి, ప్రాక్టీసు మానేసి నేరుగా పోటీలో దిగడం. గోల్ఫ్ నియమావళిలో 10.2 అని ఒక నియమం ఉంది. పోటీ రౌండు నడుస్తుండగా ప్రత్యర్థికి ఏ క్లబ్ తీయాలో, బంతి ఎలా కొట్టాలో చెప్పకూడదు. నోరు జారితే స్ట్రోక్ ప్లేలో రెండు స్ట్రోకుల జరిమానా. సలహాకి ఇంత కచ్చితంగా వెల కట్టిన శాస్త్రం మన ధర్మశాస్త్రాల్లో కూడా కనపడదు. వచ్చిన చిక్కల్లా ఆ నియమం రౌండుకే గాని రేంజ్‌కి వర్తించదు. పద్దెనిమిది హోల్స్ పొడుగునా బిగబట్టుకున్నదంతా ఇక్కడికొచ్చి కక్కేస్తారు.

మొదట సలహా ఏ ఘడియలో వస్తుందో గమనించడం నేర్చుకోండి, విధానమంతా దాని మీదే ఆధారపడి ఉంది. బంతి తిన్నగా లేచి, నూట యాభై గజాల బోర్డు దాటి పడినప్పుడు ఎవరూ దగ్గరికి రారు. నేలబారుగా దొర్లుకుంటూ పోయినప్పుడో, కుడివైపు వంకర తిరిగి వలలో పడినప్పుడో వస్తారు. అంటే సలహా ఎప్పుడూ మన అతి చెత్త దెబ్బ తర్వాతే వస్తుంది. ఎవరి ఆటకైనా ఒక సగటు ఉంటుంది. అతి చెత్త దెబ్బ కొట్టాక తర్వాతిది అంతకంటే మెరుగ్గా ఉండటానికే అవకాశం ఎక్కువ. ఎవరూ ఏమీ చెప్పకపోయినా అంతే. మధ్యలో పక్కాయన ఒక మాట అన్నాడు గనక మెరుగుదల ఆయన ఖాతాలో పడుతుంది. కాకి వాలింది, తాటిపండు రాలింది. పండు రాలినందుకు కాకి మనల్ని థాంక్స్ అడగదు, ఈయన అడుగుతాడు, తేడా అంతే. ఇలాంటి పొరపాటే ఇంకో చోటా జరిగింది. తర్వాతి కాలంలో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ అందుకున్న డేనియల్ కానమన్ ఒకప్పుడు ఇజ్రాయెల్ వైమానిక దళ శిక్షకులకు, తిట్టడం కంటే మెచ్చుకోవడం మంచిదని పాఠం చెప్పబోయాడు. ఒక సీనియర్ శిక్షకుడు ఒప్పుకోలేదు. బాగా నడిపినవాణ్ణి మెచ్చుకుంటే మర్నాడు చెడగొడుతున్నాడు, చెడగొట్టినవాణ్ణి తిడితే బాగు చేసుకుంటున్నాడు, మా అనుభవం ఇదీ అన్నాడు. ఆయన చూసింది నిజమే, తీసిన అర్థం తప్పు. కానమన్ అక్కడికక్కడే ఒక్కొక్కరి చేత వీపు వెనకున్న గురి మీదికి రెండేసి నాణేలు విసిరించాడు. మొదటిసారి దగ్గరగా వేసినవాళ్లలో ఎక్కువమంది రెండోసారి దూరంగా వేశారు, దూరంగా వేసినవాళ్లు దగ్గరికొచ్చారు. ఎవరినీ ఎవరూ తిట్టలేదు.

రేంజ్‌లో ఇది ఎలా పనిచేస్తుందో 2024లో లోకమంతా చూసింది. ఇంగ్లండ్‌కు చెందిన జార్జియా బాల్ పీజీఏ ప్రొఫెషనల్, అంటే గోల్ఫ్ నేర్పడమే వృత్తి (ఇంటిపేరు కూడా కలిసొచ్చింది). తన స్వింగ్ (క్లబ్ ఊపే తీరు) మార్చుకునే పనిలో ఉండి ఒక రేంజ్‌లో వీడియో తీసుకుంటుంటే ఒక అపరిచితుడు అందుకున్నాడు. క్లబ్ వెనక్కి తీయడం మరీ నెమ్మదిగా ఉందన్నాడు, తనకి ఇరవై ఏళ్ల అనుభవమన్నాడు. స్వింగ్ మార్చుకుంటున్నానని ఆమె మర్యాదగా చెప్పినా వినిపించుకోలేదు. తర్వాతి బంతి చక్కగా వెళ్లింది. చూశావా ఎంత మెరుగైందో అన్నది ఆయన ధోరణి. జనం నవ్వుకున్నారు, నవ్వుకోవలసిందే. క్లబ్ పట్టుకున్న ఆడమనిషి తనకంటే తెలిసిన మనిషి కావచ్చన్న ఊహే ఆయనకి రాకపోవడం ఆ నవ్వులోని చేదు. కానీ న్యాయంగా మాట్లాడితే ఆయన కేవలం గర్విష్ఠి కాడు, సాక్ష్యం చేత మోసపోయినవాడు. ఇరవై ఏళ్లుగా ఎన్ని చెత్త దెబ్బల వెనక నిలబడి ఉంటాడో, వాటిలో ఎన్నిటి తర్వాత మంచి దెబ్బ పడి ఉంటుందో ఆలోచించండి. తన కోడి కూస్తేనే తెల్లవారుతుందనుకున్న అవ్వకి కూడా రోజూ ఉదయాన్నే రుజువు దొరికేది.

ఇలాంటి పెద్దమనిషిని తప్పించుకుందామని చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం వృథా, సైగలు చేస్తాడు. భాష రానట్టు నటించడం ఇంకా వృథా. చేతులు పట్టుకుని చూపిస్తాడు.

ఇక సలహాలో ఉన్న సరుకు సంగతి. తల ఎత్తకు, మోచెయ్యి వంచకు, నడుం తిప్పు, భుజం దించు. అన్నీ అవయవాల పేర్లే, చీర సవరించుకున్నంత తేలికైన పనులన్నట్టు. గాబ్రియేల వుల్ఫ్ బృందం 1999లో గోల్ఫ్ కొత్తగా నేర్చుకునేవాళ్ల మీద పరీక్ష చేసి, చేతుల కదలిక మీద ధ్యాస పెట్టినవాళ్ల కంటే క్లబ్ ఊగడం మీద ధ్యాస పెట్టినవాళ్లు బాగా నేర్చుకున్నారని తేల్చింది. పక్కాయన మాటలన్నీ మన ధ్యాసని క్లబ్ మీంచి మోచేతి మీదికి లాగేవే. అంతకంటే రుచికరమైనది 2008 నాటి ఫ్లెగల్, ఆండర్సన్‌ల ప్రయోగం. పట్టింగ్, అంటే బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించడం, బాగా వచ్చినవాళ్ల చేత తాము బంతిని ఎలా కొడతారో ఐదు నిమిషాలు వివరంగా చెప్పించి, తర్వాత మళ్లీ కొట్టమన్నారు. అలా వివరించినవాళ్లకి, వివరించనివాళ్లతో పోలిస్తే మళ్లీ అదే గురి సాధించడానికి దాదాపు రెట్టింపు ప్రయత్నాలు పట్టాయి. కొత్తవాళ్లకి మాత్రం పెద్దగా నష్టం జరగలేదు. ఇందులోంచి ఈ విధానంలోకెల్లా గొప్ప ఉపాయం పుడుతుంది. ఆయన్ని ఆపకండి. కుర్చీ చూపించండి, మంచినీళ్లివ్వండి, ఇంకా వివరంగా చెప్పమనండి, వాచీ చూసుకుని ఐదు నిమిషాలు నిండాక పట్టర్ ఆయన చేతిలో పెట్టి, ఏదీ ఒకసారి కొట్టి చూపించండి సార్ అనండి. బంతి తప్పితే ఆయన నిజంగా ఆట తెలిసినవాడే. ఏమీ తేడా రాకపోతే ఆయన అనుభవమెంతో తేలిపోతుంది.

బయటి కన్నుకే మన తప్పు కనిపిస్తుంది కదా, లేకపోతే కోచ్‌లెందుకు అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ క్లబ్ బంతిని తాకి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు కాలం, బంతి రాత అక్కడే రాసుంటుంది. బంతి మొదట క్లబ్ ఊగిన దారినే బయలుదేరుతుందని కోచ్‌లే చాలాకాలం నేర్పారు. రాడార్ యంత్రాలు వచ్చి కొలిచాక, ముఖ్యంగా క్లబ్ ముఖం ఎటు చూస్తే అటే బయలుదేరుతుందని తేలింది. పాఠం చెప్పేవాళ్ల కన్నే పొరబడిన చోట కాఫీ కప్పుతో వచ్చినాయన కన్ను ఎంత పట్టగలదు? కోచ్ మొదట ఏం సాధన చేస్తున్నావని అడుగుతాడు, చాలా బంతులు చూస్తాడు, చాలాసార్లు నోరు మూసుకుంటాడు. ప్రొఫెషనల్ గోల్ఫర్ జిమ్ ఫ్యూరిక్ స్వింగ్‌లో క్లబ్ పైన ఒక మెలిక తిరిగి కిందికొస్తుంది. ఏ రేంజ్‌లో కొట్టినా పదిమంది పోగై సరిదిద్దాల్సిన స్వింగ్ అది. ఆయనకి కోచ్ అయిన తండ్రి దాన్ని అలాగే ఉండనిచ్చాడు. ఆ మెలికతోనే 2003లో యూఎస్ ఓపెన్ గెలిచాడు, 2016లో ఒక రౌండు 58 స్ట్రోకుల్లో ముగించాడు. పీజీఏ టూర్‌లో అంతకు ముందు అంత తక్కువ స్కోరు లేదు.

అదంతా సరే, మనిషి మనిషిని పలకరించుకోవడం కూడా తప్పేనా అంటారా? ఇక్కడ వ్యంగ్యం కొంచెం పక్కన పెట్టాలి. గోల్ఫ్ సాధన ఒంటరి పని, పైగా అవమానాలు ఎక్కువ. పక్కాయన తన బంతి తన మాట వినక, తన మాట వినే బంతి ఎక్కడైనా ఉందేమోనని మన దగ్గరికి వచ్చాడు. మనమూ తక్కువ తినలేదు. ఎవరో కారు రివర్స్ తీసుకుంటుంటే అద్దాలున్నాయని తెలిసీ రానీ రానీ అని చెయ్యి ఊపనివాళ్లం ఎందరం? పక్కింటావిడ పెనం మీద దోసె అంటుకుంటే ఉల్లిపాయ ముక్క రుద్దమని చెప్పకుండా బయటపడ్డవాళ్లెవరు? అవతలివాడి తప్పు కంటబడగానే మన నాలుక మీద దురద మొదలవుతుంది, దాన్ని దయ అనుకుంటాం. కొంత దయ కూడా ఉంటుంది, అదే బాధ.

కాబట్టి చివరి అంకం మనకే. పక్క మ్యాట్ మీద కుర్రాడు బంతిని నేలబారుగా దొర్లించాడు, మనకి కారణం స్పష్టంగా కనిపిస్తోంది, క్లబ్ అప్పుడే చేతిలోంచి దిగుతోంది. ఒక్క బంతి ఆగండి. తర్వాతిది బాగా వెళ్తే మీ అవసరం పడలేదు. మళ్లీ తప్పితే ఇంకొక్క బంతి. ఈలోపు మీ బకెట్ నిండుగా అలాగే ఉంటుంది, డబ్బు కట్టింది వాటికే.