మెట్లు మింగిన రోడ్డు

మా ఇల్లు కట్టిన కొత్తలో గేటు దాటి వీధిలోకి రావాలంటే మూడు మెట్లు దిగాలి. ఎంత వానొచ్చినా చుక్క నీరు లోపలికి రాకూడదని మామయ్యగారు పట్టుబట్టి అంత ఎత్తు లేపించారట. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకే ఒక మెట్టు దిగుతున్నాం. ఇల్లేం కుంగలేదు. కాలనీ అభివృద్ధి చెందింది, అంతే.

హైదరాబాదు శివారు కాలనీల్లో ఎన్నికలు దగ్గరపడితే చాలు, రోడ్డు ఓ ఆరంగుళాలు ఎదుగుతుంది. పాత పొర గీకేసి, గీకినంత మందమే కొత్తది వెయ్యాలన్నది ఇంజినీర్లు చదువుకున్న పాఠం. గీకాలంటే ఖర్చు. గీకిన చెత్త ఎక్కడ పొయ్యాలన్నది ఇంకో తలనొప్పి. పైగా రోడ్డు తీసెయ్యడానికి కొబ్బరికాయ కొట్టిన నాయకుణ్ణి ఎవరైనా చూశారా? అందుకే ఉన్నదాని మీదే కాంక్రీటు పరిచి, శిలాఫలకం పాతి, శాలువా కప్పించుకుని వెళ్లిపోతారు. క్యూరింగ్ కోసం కప్పిన గోనెసంచులు ఆరకముందే ఇంకో శాఖవాళ్లు పైపులైనంటూ వచ్చి నిలువునా తవ్వేస్తారు.

నాకైతే ఆ తవ్వకాలంటే ఇష్టం. మా వీధి చరిత్రంతా అప్పుడే బయటపడుతుంది. అడుగున పంచాయతీ నాటి మొరం. దాని మీద మున్సిపాలిటీ వేసిన తారు. ఆపైన, 2007లో 12 మున్సిపాలిటీలనూ 8 పంచాయతీలనూ కలిపి గ్రేటర్ హైదరాబాద్ చేశాక వచ్చిన కాంక్రీటు, దాని నెత్తిన మరో కాంక్రీటు, దాని మీద ఇంకోటి. మా అత్తయ్య గుంత పక్కన కుర్చీ వేసుకుని మనవడికి పాఠం చెబుతుంది: “ఆ నల్లది వేయించినప్పుడు మన నాయకుడు సైకిల్ మీదుండేవాడు. పైది వేయించేసరికి కారెక్కాడు. ఈమధ్య వేసినప్పుడు చెయ్యి ఊపుతూ వచ్చాడు.” మనిషి మాత్రం ఒక్కడే.

2020 అక్టోబరు వానలకి వీధిలో నీళ్లన్నీ పల్లానికి, అంటే మా హాల్లోకి, వచ్చేశాయి. సంపులో మురుగు కలిసింది. డిసెంబరు 1న గ్రేటర్ ఎన్నికలు. 150 డివిజన్లు, కరోనా పుణ్యమా అని మళ్లీ బ్యాలెట్ పేపర్లు. నగరం మొత్తమ్మీద సగం మంది కూడా ఓటెయ్యలేదని పేపర్లు తిట్టిపోశాయి. మిగతావాళ్లు ఇళ్లలోంచి రోడ్డు మీదికి ఎక్కలేకపోయారేమోనని ఒక్కరికీ తట్టలేదు.

మా వారికి చట్టం పిచ్చి. మూడు లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని 74వ రాజ్యాంగ సవరణ చెబుతోందనీ, వీధి సంగతి వీధివాళ్లే తేల్చుకోవాలనీ కాలనీ సంక్షేమ సంఘం మీటింగులో అందుకున్నారు. కార్యదర్శి గారు రసీదు పుస్తకం తిరగేసి, “రెండేళ్ల చందా బాకీ ఉంది సార్. ముందది కట్టండి, తర్వాత రాజ్యాంగం చూద్దాం” అన్నారు. చందా కట్టాం. రాజ్యాంగం ఇంకా చూడలేదు.

ఇక లాభం లేదని కార్పొరేటరు గారికే అర్జీ ఇచ్చాం. ఆయన రెండుసార్లు చదివి, “అమ్మా, రోడ్డు లేదని ఏడ్సేటోళ్లను మస్తుమందిని చూసిన. ఎక్కువైందని ఏడ్సుడు మీ దగ్గర్నే చూస్తున్న” అన్నారు. ఇంత దూరం వచ్చారు కదా అని మా ఇంటి ముందు ఒక స్పీడు బ్రేకరు మంజూరు చేశారు.

రోడ్డు దిగదని తేలిపోయాక ఇల్లే లేపాలనుకున్నాం. హర్యానా నుంచి వచ్చినవాళ్లు పునాది దగ్గర గోడలు కోసి, కింద వరసగా జాకీలు పెట్టి, ఇల్లు ఇల్లంతా కొంచెం కొంచెంగా పైకెత్తేస్తున్నారు. వెనక వీధిలో ఒకాయన ఇలాగే మూడడుగులు లేపించుకుని, ఇప్పుడు అందర్నీ పైనుంచి పలకరిస్తున్నాడు.

మేస్త్రీ వచ్చి టేపు పట్టి కొలిచాడు. ఎంత లేపమంటారని అడిగాడు. మా వారు లెక్కలు కట్టేలోపే అత్తయ్య, “వచ్చే మూడు ఎలక్షన్లకి సరిపడా లేపు నాయనా” అంది.

ఆ కుర్రాడు ఈ ఊరొచ్చి చాలాకాలమైనట్టుంది. మారు ప్రశ్న వెయ్యలేదు. “ఇక్కడ ఎలక్షన్‌కి ఆరంగుళాలే కదమ్మా?” అంటూ చీటీ మీద రాసుకున్నాడు.